కీమో తర్వాత జీవన నాణ్యతను కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, మంగళగిరి, విజయవాడ ఆసుపత్రుల్లో కీమో తీసుకుంటున్నవారు, వారి ఇంటివారు, డే కేర్ వార్డు నర్సులు, థీసిస్ మొదలుపెట్టిన పీజీ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్ని జవాబులు రోగులకు, కొన్ని కొలిచేవారికి పనికొస్తాయి. ఇద్దరూ మొత్తం చదివితే మంచిది. ఎందుకంటే అంకె తప్పుగా రావడానికి చాలాసార్లు కారణం రోగికీ అడిగేవారికీ మధ్య ఎక్కడో జరిగిన పొరపాటే.

స్కాన్ బాగానే వచ్చింది, రక్త పరీక్షలు సరిగ్గా ఉన్నాయి. ఇంకా కొలవడానికి ఏముంది?

గడ్డ తగ్గిందో లేదో స్కాన్ చెబుతుంది. మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదని, జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి కూతురి సాయం కావాల్సి వస్తోందని స్కాన్ చెప్పలేదు. వాటిని రోగి నోటి నుంచే, ఒక క్రమంలో, ప్రతిసారీ ఒకే పద్ధతిలో అడిగి అంకెలుగా రాసుకోవడమే జీవన నాణ్యతను కొలవడం.

డాక్టరు కేసు షీటులో రాసే ఈకాగ్ అంకె దీనికి బదులు కాదు. అది 0 నుంచి 5 వరకు ఉంటుంది. రోగి ఎంత తిరగగలుగుతున్నారో చూసి డాక్టరు వేసే అంచనా అది. ఈకాగ్ 1 ఉన్న ఇద్దరిలో ఒకరు పొలం వెళ్లి వస్తుండొచ్చు, ఇంకొకరు భయంతో నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండొచ్చు.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో, శరీరంలో వేరే చోట్లకు పాకిన క్యాన్సర్‌కు కీమో పొందుతున్న 766 మందితో ఒక పరీక్ష చేశారు. ఒక వర్గం వారు తమ బాధలను క్రమం తప్పకుండా కంప్యూటర్‌లో నమోదు చేశారు. ఏదైనా బాధ తీవ్రమైతే నర్సుకు కబురు వెళ్లేది. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ వర్గంలో మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికిన హద్దు) 31.2 నెలలు, మామూలు పద్ధతిలో చూసినవారిలో 26 నెలలు. అడిగి, విని, వెంటనే ఏదో ఒకటి చేయడం వల్ల వచ్చిన తేడా అది. అడిగి ఫైల్లో పెట్టేస్తే ఆ మేలు రాదు.

ఏ ప్రశ్నావళి వాడాలి?

కీమో రోగులకు ఎక్కువగా వాడేవి రెండు. మొదటిది యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈవోఆర్‌టీసీ తయారుచేసిన క్యూఎల్‌క్యూ-సీ30. ఇందులో 30 ప్రశ్నలుంటాయి. రెండోది ఫ్యాక్ట్-జీ. ఇందులో 27 ప్రశ్నలు, మొత్తం స్కోరు 0 నుంచి 108 వరకు. రెండూ 1993లో వెలువడినవే, రెండింటికీ తెలుగు అనువాదాలున్నాయి. సొంతంగా అనువదించుకుని వాడొద్దు. ముందుకు, మళ్లీ వెనక్కు అనువదించి, రోగుల మీద పరీక్షించిన ప్రతినే సంస్థ నుంచి అనుమతితో తెచ్చుకోవాలి.

నీరసం, వికారం, నొప్పి, నిద్ర లాంటి బాధలను విడివిడిగా చూడాలంటే సీ30 మేలు. కుటుంబం అండ, మనోధైర్యం ముఖ్యమనుకుంటే ఫ్యాక్ట్-జీ. అందులో దాంపత్య జీవితం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. జవాబివ్వడం ఇష్టం లేకపోతే దాటేయడానికి పక్కనే ఒక గడి ఉంటుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. సీ30లో అలాంటి ప్రశ్న లేదు. మన వార్డుల్లో, పక్క మంచం మీద మరొకరు వింటుండగా చదివి వినిపించాల్సిన చోట, సీ30తో మొదలుపెట్టమనే మా సలహా.

ఐదు నిమిషాలే ఉంటే ఈక్యూ-5డీ చాలు. ఐదు ప్రశ్నలు, 0 నుంచి 100 వరకు ఒక కొలబద్ద. అయితే కీమో తెచ్చే వికారం, తిమ్మిర్లు అందులో విడిగా కనిపించవు.

ఏ రోజు అడగాలి? కీమోకి వచ్చిన రోజే అడిగితే సరిపోదా?

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

సీ30లో మొదటి ఐదు ప్రశ్నలు తప్ప మిగతావన్నీ 'గత వారం రోజుల్లో' అని అడుగుతాయి. 21 రోజులకోసారి కీమో ఎక్కించుకునేవారిని తర్వాతి కీమో రోజు పొద్దున అడిగితే, వారు చెప్పేది మూడో వారం సంగతి. అంటే ఉన్నవాటిలో మంచి వారం. వాంతులు ఎక్కువగా మొదటి నాలుగైదు రోజుల్లో వస్తాయి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇచ్చాక ఒళ్లు నొప్పులు రెండో మూడో రోజు మొదలై కొన్ని రోజులుంటాయి. నోటి పుండ్లు మొదటి వారం చివర్లో, రెండో వారంలో బాధిస్తాయి. తెల్ల రక్తకణాలు సాధారణంగా 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య బాగా పడిపోతాయి. ఇవేవీ 21వ రోజు ఫారంలోకి రావు. పది రోజులు పెరుగన్నం తప్ప ఏదీ మింగలేకపోయిన మనిషి ఆకలి ప్రశ్నకు 'అస్సలు ఇబ్బంది లేదు' అని పెడతారు. అది అబద్ధం కాదు, మనం అడిగిన వారమే వేరు.

అలాగని కీమో మర్నాడు అడిగినా తప్పే. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల మొదటి రెండు రోజులు కొందరికి నిద్ర పట్టదు, ఒంట్లో లేని హుషారు వస్తుంది. అది దిగాక నీరసం ఒక్కసారిగా కమ్ముకుంటుంది.

మేం చెప్పే పద్ధతి ఇది. కీమో మొదలుపెట్టక ముందు ఒకసారి అడగాలి. ఇది లేకపోతే తర్వాతి అంకెలను దేనితోనూ పోల్చలేం. తర్వాత ప్రతి కీమోకి, ఎక్కించక ముందు, డాక్టరును కలవక ముందు ఒకసారి. వీటికి తోడు కనీసం రెండు సైకిళ్లలో (ఒక కీమో నుంచి తర్వాతి కీమో వరకు ఒక సైకిల్) 8వ రోజో 10వ రోజో ఫోన్లో ఒకసారి. ఒక రోగికి 8వ రోజు ఎంచుకుంటే అందరికీ 8వ రోజే. వారం వారం కీమో తీసుకునేవారికి ఈ చిక్కు తక్కువ, కీమో రోజు అడిగినా చాలు.

మరో సంగతి. మాచర్ల నుంచో వినుకొండ నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి, రక్తం ఇచ్చి, అప్పుడు ఫారం చేతికిస్తే ఆ రోజు అలసటే వారం మొత్తం అలసటగా నమోదవుతుంది. కాసేపు కూర్చోబెట్టి, టిఫిన్ అయ్యాక ఇవ్వండి.

చదవడం రానివారిని ఎలా అడగాలి?

చదివి వినిపించవచ్చు. షరతులు ఇవి:

- ఫారంలో ఉన్న మాటలనే, ఉన్న వరుసలోనే చదవాలి. అర్థం కాలేదంటే మళ్లీ అదే ప్రశ్న నెమ్మదిగా చదవాలి.
- నాలుగు జవాబులూ ప్రతిసారీ చదవాలి. రెండు చదివి ఆపేస్తే రోగి ఆ రెండింటిలోనే ఒకటి ఎంచుకుంటారు.
- 'వాంతులేం కాలేదు కదమ్మా?' అని అడగకూడదు. అలా అడిగితే 'లేదమ్మా' అనే వస్తుంది.
- జవాబు విన్నాక 'అయ్యో' అనొద్దు, 'మంచిదే' అనొద్దు. సానుభూతి ఫారం పూర్తయ్యాక చూపండి, అప్పుడు తీరిగ్గా మాట్లాడండి.
- కీమో ఇచ్చే డాక్టరు అడగకూడదు. డాక్టరు గారి ముందు మన పెద్దవాళ్లు 'మీ దయవల్ల బాగానే ఉందండీ' అంటారు. నర్సో, కౌన్సెలరో, వాలంటీరో అడగాలి.

మొదటిసారి చదివి వినిపిస్తే చివరి వరకూ చదివే వినిపించాలి. ఒకసారి సొంతంగా రాయించి ఇంకోసారి చదివి వినిపించడం అంటే మధ్యలో తూకం మార్చినట్టే. బరువు తగ్గింది మనిషిదో తూకానిదో తేలదు.

సొంతంగా రాసేవారికి సగటున 11 నిమిషాలు పడుతుందని సీ30 తొలి అధ్యయనంలో తేలింది. చదివి వినిపించడానికి 20 నిమిషాలు కేటాయించండి.

చివరి రెండు ప్రశ్నలు, అంటే 29, 30, 1 నుంచి 7 వరకు ఉంటాయి. అప్పటిదాకా 1 అంటే ఇబ్బంది లేదని అర్థం. ఇక్కడ 1 అంటే చాలా అధ్వానం. ఈ మలుపు దగ్గర చదువుకున్నవారు కూడా తప్పుతారు. ఆ పేజీకి రాగానే ఆగి, 'ఇక్కడ అంకె పెరిగేకొద్దీ బాగున్నట్టు' అని చెప్పి, 1 నుంచి 7 వరకు పెద్ద అంకెలున్న కార్డు చేతికివ్వండి, వేలితో చూపిస్తారు.

అమ్మకి క్యాన్సర్ అని చెప్పలేదు. ఫారం ఇస్తే తెలిసిపోతుందా? నేనే నింపొచ్చా?

సీ30 ప్రశ్నల్లో ఎక్కడా క్యాన్సర్ అనే మాట రాదు. 'మీ శారీరక పరిస్థితి, వైద్యం' అనే ఉంటుంది. కాబట్టి ఫారం వల్ల తెలిసిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే పరిశోధన కోసం సంతకం తీసుకునే సమ్మతి పత్రం వేరు. జబ్బు ఏమిటో తెలియని మనిషి దగ్గర తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు, వారిని పరిశోధనలో చేర్చకూడదు. వైద్యంలో భాగంగా బాధలు అడిగి తెలుసుకోవడానికి అడ్డేమీ లేదు.

మీరు నింపడం మాత్రం వద్దు. కనబడే విషయాల్లో, అంటే నడక, వాంతులు, ఎవరి పని వారు చేసుకోవడంలో, ఇంటివారి అంచనా రోగి మాటకు దగ్గరగానే ఉంటుంది. దిగులు, భయం, నొప్పి, అలసట విషయంలో దూరం జరుగుతుంది. సాధారణంగా ఇంటివారు రోగి చెప్పేదానికంటే ఎక్కువ బాధ ఊహిస్తారు. కొన్ని ఇళ్లలో తలకిందులుగా ఉంటుంది. పిల్లలు కంగారు పడతారని అమ్మ నొప్పి దాచుకుంటుంది. స్పృహ సరిగ్గా లేకనో, మాట రాకనో తప్పనిసరైతే నింపండి, కానీ పైన 'ఇంటివారు చెప్పినది' అని రాయండి. ఆ అంకెలను రోగి సొంత అంకెలతో కలపకూడదు.

ఫోన్ చేసినప్పుడూ ఇదే. నంబరు కొడుకుది ఉంటుంది, 'నేను చెబుతా రాసుకోండి' అంటాడు. 'ఇరవై నిమిషాలు అమ్మగారికే ఇవ్వండి, తర్వాత మీరు గమనించినవి కూడా రాసుకుంటాం' అంటే చాలామంది ఇస్తారు.

ఏ ప్రశ్నల దగ్గర మన ప్రాంతంలో తడబాటు వస్తుంది?

సీ30లో పని గురించి అడిగే 6వ ప్రశ్న దగ్గర. గృహిణి 'నేను పనేం చేయనండి, ఇంట్లోనే ఉంటా' అని దాటేస్తుంది. తెల్లారి లేచి ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి ఆమె. ఆ ప్రశ్నలో 'రోజువారీ పనులు' అన్నమాట కూడా ఉంది, దాన్ని నొక్కి చదవండి. కూలి పనులకు వెళ్లేవారిది ఇంకో తడబాటు. మిరప కోతల రోజుల్లో అడిగితే పనికి వెళ్లలేకపోయామని చెబుతారు. కోతలు లేని నెలల్లో 'పనేమీ లేదు కాబట్టి ఇబ్బంది లేదు' అంటారు. ఏ నెలలో అడిగారో, ఏం పని చేసేవారో ఫారం వెనక రాసి పెట్టుకోండి.

నడక ప్రశ్నలకు మే నెల వేరే లెక్క. విజయవాడలో ఎండ 44, 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఎవరూ దూరం నడవరు. కీమోకి ముందు కొలత జనవరిలో, చివరిది మేలో అయితే తగ్గిన దాంట్లో కొంత ఎండ వాటా ఉంటుంది.

ఆకలి ప్రశ్నకు చాలామంది 'కారం తగిలితే నోరు మండిపోతోంది' అంటారు. అది నోటి పుండు. ఆకలి ఉండి తినలేకపోవడం వేరు, తిండే సహించకపోవడం వేరు. రోగి ఎంచుకున్న జవాబు గుర్తు పెట్టి, పుండ్ల సంగతి విడిగా రాసి డాక్టరుకు చెప్పండి.

ఆరోగ్యశ్రీలో ఉచితంగానే చేస్తున్నారు కదా, డబ్బు ప్రశ్న ఎందుకు?

పథకం పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే. సీ30లో 28వ ప్రశ్న వైద్యం బిల్లు ఒక్కదాన్నే అడగదు, వైద్యం వల్ల డబ్బు ఇబ్బంది వచ్చిందా అంటుంది. బస్సు చార్జీలు, తోడు వచ్చినవారి పోయిన కూలి, గదికి కట్టిన అద్దె, వడ్డీకి తెచ్చిన అప్పు అన్నీ అందులోకే వస్తాయి. కార్డు పోతుందేమోనన్న భయంతో కొందరు 'ఏ ఇబ్బందీ లేదు' అంటారు. ఈ జవాబు పథకం వారికి వెళ్లదని ముందే చెప్పాలి.

స్కోరు ఎలా లెక్కకట్టాలి?

సీ30 ప్రశ్నలను నీరసం, నొప్పి, శారీరక శక్తి లాంటి విభాగాలుగా చూస్తారు. 29, 30 తప్ప మిగతా ప్రశ్నల జవాబులకు 1 నుంచి 4 వరకు అంకెలుంటాయి. ముందు ఒక్కో విభాగంలోని జవాబుల సగటు తీయాలి. తర్వాత:

- బాధల విభాగాలకు: (సగటు − 1) ÷ 3 × 100
- చేయగలిగే శక్తి విభాగాలకు: [1 − (సగటు − 1) ÷ 3] × 100
- మొత్తం ఆరోగ్యానికి: (సగటు − 1) ÷ 6 × 100

ఉదాహరణకు నీరసం విభాగం 10, 12, 18 ప్రశ్నలు. జవాబులు 3, 4, 2 అనుకుందాం. సగటు 3, స్కోరు 66.7. శారీరక శక్తి 1 నుంచి 5 వరకు. జవాబులు 3, 2, 1, 2, 1 అయితే సగటు 1.8, స్కోరు 73.3. 29, 30 ప్రశ్నలకు 4, 5 ఇస్తే సగటు 4.5, స్కోరు 58.3.

నీరసం 66.7 చెడ్డది, శారీరక శక్తి 73.3 అంత చెడ్డది కాదు. బాధల్లో అంకె పెరిగితే చెడు, శక్తి విభాగాల్లో పెరిగితే మంచి. ఎక్సెల్‌లో ఒకే సూత్రం కింది వరకూ లాగేయడం వల్ల థీసిసుల్లో ఫలితాలు తలకిందులవుతాయి. ప్రతి విభాగంలో ఒక రోగి స్కోరు చేత్తో కట్టి సరిచూడండి.

ఒక ప్రశ్న ఖాళీగా ఉంటే? విభాగంలో కనీసం సగం జవాబులుంటే ఉన్నవాటి సగటుతో లెక్కకట్టవచ్చు. దిగులు విభాగంలో నాలుగు ప్రశ్నలు, కనీసం రెండు ఉండాలి. నిద్ర, ఆకలి, విరేచనాలు లాంటి ఒంటరి ప్రశ్నలు ఖాళీ అయితే ఖాళీయే. సున్నా వేయకూడదు. సున్నా అంటే బాధ లేదని అర్థం.

ఎంత మారితే నిజంగా మారినట్టు?

5 నుంచి 10 పాయింట్ల మార్పు రోగికి కొద్దిగా తెలుస్తుంది, 10 నుంచి 20 మధ్యస్థం, 20 దాటితే బాగా తెలుస్తుంది. 1998 నుంచి వాడుకలో ఉన్న కొలమానం ఇది. కానీ దీన్ని గుంపు సగటులకు వాడటం వేరు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి వాడటం వేరు. నిద్ర ప్రశ్న ఒక్కటే కాబట్టి 0, 33.3, 66.7, 100 తప్ప మరో అంకె రాదు. ఒక మెట్టు కదిలితేనే 33 పాయింట్లు. అక్కడ పది పాయింట్ల సూత్రం పనిచేయదు.

డే కేర్‌లో ఎవరిని ముందు పలకరించాలో తేల్చుకోవడానికి హద్దులు ఉపయోగపడతాయి. నీరసం 39 దాటినా, నొప్పి 25 దాటినా, శారీరక శక్తి 83 కంటే తగ్గినా ఆగి అడగాలి.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని నెలల బాధ తర్వాత మనిషి కొలబద్దే మారిపోతుంది. మొదట్లో వీధి చివరి వరకు నడవలేకపోతే 'చాలా ఇబ్బంది' అన్నవారు, ఆరో కీమో నాటికి గుమ్మం దాకా నడిచినా 'కొంచెమే' అంటారు. అంకె మెరుగైనట్టు కనబడుతుంది. అందుకే అంకెతోపాటు ఒక్క వాక్యం రాసుకోవాలి: ఎంత దూరం నడుస్తున్నారు, ఎన్ని ముద్దలు తింటున్నారు.

చివరికొచ్చేసరికి సగటు బాగుపడింది. సంతోషించాలా?

ముందు ఎంతమంది మిగిలారో చూడండి. మొదట 60 మంది నింపి, ఆరో కీమోకి 38 మందే నింపితే, మిగతా 22 మంది ఎవరు? ఓపిక లేక రానివారు, వార్డులో చేరినవారు, చనిపోయినవారు, మధ్యలో మానేసినవారు. బాగా ఉన్నవారే మిగిలితే సగటు దానంతటదే పెరుగుతుంది. ప్రతి ఖాళీ ఫారం మీదా కారణం రాయాలి: రాలేదు, నీరసంగా ఉండి వద్దన్నారు, సిబ్బంది ఇవ్వడం మర్చిపోయారు. మూడోది రాయడానికి మొహమాటపడొద్దు.

నిజం చెబితే కీమో ఆపేస్తారేమో?

రోగుల్లో ఈ భయం చాలా ఉంది, అందుకే దాచుకుంటారు. బాధ చెబితే ముందు జరిగేది ఆపడం కాదు. వాంతులకు మందు మారుస్తారు, నోటి పుండ్లకు పుక్కిలించే మందు ఇస్తారు, నీరసానికి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూస్తారు, నొప్పి మాత్ర పెంచుతారు. అవసరమైతే మోతాదు కాస్త తగ్గిస్తారు, వారం వాయిదా వేస్తారు. దాచడం వల్ల ముదిరి ఆసుపత్రిలో చేరాల్సి వస్తేనే వరుస తెగేది.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే మాత్రం ఫారం కోసం, తర్వాతి తేదీ కోసం చూడొద్దు. పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు. రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.

దిగులు ప్రశ్నలకు 'చాలా ఎక్కువ' అని వస్తే ఆ రోజే కౌన్సెలరుతో మాట్లాడించాలి. బతకాలని లేదన్న మాట వస్తే మనిషిని ఒంటరిగా పంపొద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

థీసిస్ కోసం ఏ అనుమతులు కావాలి?

కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, ప్రశ్నావళి సంస్థ అనుమతి (విద్యా పరిశోధనకు సీ30 ఉచితం), తెలుగు సమ్మతి పత్రం. సీటీఆర్‌ఐలో (మన దేశపు వైద్య పరిశోధనల రిజిస్ట్రీ) నమోదు మొదటి రోగిని చేర్చక ముందే పూర్తి కావాలి.

కీమో అయిపోయాక ఎన్నాళ్లు కొలవాలి?

అయిపోయిన నెలకు, తర్వాత 3, 6, 12 నెలలకు. చివరి కీమోతో బాధలన్నీ ఆగవు. నీరసం కొందరిలో నెలల తరబడి, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ వల్ల వచ్చే తిమ్మిర్లు మందు ఆపాక కూడా కొన్ని నెలలు పెరిగి, ఆ తర్వాతే తగ్గడం మొదలుపెడతాయి. సీ30లో తిమ్మిర్ల ప్రశ్న లేదు. ఆక్సాలిప్లాటిన్, పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారికి తిమ్మిర్ల కోసమే తయారైన 20 ప్రశ్నల సీఐపీఎన్20 ఫారం కూడా ఇవ్వాలి.

అది దొరకకపోతే పనుల గురించి అడగండి: బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారా, మిరపకాయ తొడిమ తీయగలుగుతున్నారా, కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదా, చీకట్లో నడిస్తే తూలుతున్నారా. ఒక్కదానిలో ఇబ్బంది ఉందన్నా అరికాళ్లు చూడండి. స్పర్శ తగ్గిన కాలికి వేడినీళ్లు, ముల్లు, మే నెల మధ్యాహ్నపు సిమెంటు గచ్చు తెలియవు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమని, స్నానం నీళ్లు ఇంకొకరు చేత్తో చూశాకే పోసుకోమని ఆ పూటే చెప్పి పంపాలి.